రెండు చెంచాల చక్కెర

బాదం పప్పు పొట్టు తీయడం పెద్ద పనేం కాదు. రాత్రంతా నానిన పప్పుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి కాస్త నొక్కితే తెల్లగా బయటికి జారిపడుతుంది. పది పప్పులైతే సరదాగానే ఉంటుంది. రోజూ నలభై పప్పులు, అదీ ఏడాది దాటిన పిల్లని ఒళ్లో పెట్టుకుని తీయాలంటే వేళ్లు నీళ్లల్లో నాని ముడతలు పడతాయి. ఆ మాట అంటే మావాడు "కూర్చుని చేసే పనేగా అమ్మా" అన్నాడు. మా ఇంట్లో కూర్చుని చేసేది పని కిందికి రాదు. నిలబడి చేసేదీ రాదనుకోండి.

ఆ కాఫీ చేసే పద్ధతి వాడే ఫోనులో చూసి నాకు నేర్పాడు. నేర్పడమంటే వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి పైకి చదివాడు. పొట్టు తీసిన పప్పుని రెండు గ్లాసుల నీళ్లతో మిక్సీలో మెత్తగా తిప్పాలి. పల్చటి నూలుగుడ్డలో పోసి పిండాలి. డికాషన్ చిక్కగా తీసి, బాగా చల్లారాక ఆ పాలల్లో కలపాలి. పైన ఐసు ముక్కలు వేయాలి. చక్కెర వద్దు, ఆవుపాలు వద్దు, తేనె అసలు వద్దు. "పిండిపదార్థం ఉండదమ్మా ఇందులో. ఒంట్లో కొవ్వు దానంతటదే కరుగుతుంది" అన్నాడు. కరగాల్సింది వాడి కొవ్వు కాదు. వాడి పొట్ట చొక్కా గుండీల మధ్య నుంచి లోకాన్ని చూస్తూనే ఉంటుంది. కాఫీ మా కోడలికి.

కాన్పయి పద్నాలుగు నెలలైనా కోడలి ఒళ్లు తగ్గలేదు. డెబ్బయ్యొక్క కిలోలు. నాలుగు నెలల్లో మావాడి కంపెనీ వాళ్లు ఏటా ఇచ్చే పెద్ద విందు ఉంది, అందరూ భార్యలతో వస్తారు. "పెళ్లి ఫోటోలో ఉన్న మనిషి కావాలి నాకు. ఆ మనిషి ఎక్కడికి పోయింది?" అని అడిగాడు. అరవలేదు. వాడు ఎప్పుడూ అరవడు. పొద్దున ఒక గ్లాసు కాఫీ, మధ్యాహ్నం ఒక గ్లాసు, సాయంత్రం ఉడికించిన కూరముక్కలు ఒక గిన్నెడు. ఇంకేమీ లేదు. కోడలు తలూపింది. కాపలాకి నన్ను పెట్టాడు.

నేను ఆ కాపలా ఇష్టం లేకుండా కాశానని చెప్పను. "మావాడిని కన్న పన్నెండో రోజున నీళ్ల బిందె ఎత్తాను నేను. నా నడుము ఎక్కడుందో వెతుక్కునే పని ఎవరికీ రాలేదు" అన్నాను కోడలు వినేలా. మావాడు నవ్వాడు. వాడు నవ్వితే నాకు ఈ ఇంట్లో కుర్చీ వేసినట్టు ఉంటుంది. ఇంకోసారి నవ్వుతాడని ఇంకోటి అన్నాను. "గుమ్మం వెడల్పు చేయించాలేమోరా." ఈసారి మరీ గట్టిగా నవ్వాడు. కోడలు ఆ గుమ్మంలోంచే పిల్ల బట్టల బుట్ట ఎత్తుకుని వెళ్లింది.

మా ఆయన ఉన్నన్నాళ్లూ నేను తింటుంటే వచ్చి ఎదురుగా నిలబడేవారు. "ఇంకానా?" అనేవారు. అంతే, ఒక్క మాట. ముప్పయ్యేళ్లు ఆ మాట వినీ వినీ నాకు మూడో ముద్దకే కడుపు నిండటం అలవాటైపోయింది. ఒక సాయంత్రం కోడలు కూరముక్కలు ఇంకో నాలుగు వేసుకుంటుంటే "ఇంకానా?" అన్నది నేను. ఆ మాట నా నోట్లో అంత సులువుగా ఎలా తిరిగిందో నాకే తెలియదు. కోడలు గరిటె పెట్టేసి లేచింది.

ప్రతి ఆదివారం పొద్దున బరువు చూసే మిషను హాల్లోకి వచ్చేది. కోడలు చెప్పులు విప్పి, చేతి గడియారం కూడా తీసి ఎక్కేది. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అతికించి ఉండేది. "నువ్వు రాయమ్మా. నీకు ఇప్పుడు అక్షరాలొచ్చాయిగా, చేతికి అలవాటవుతుంది" అని కలం నా చేతిలో పెట్టాడు మావాడు. ఆయన పోయాక, యాభై ఆరేళ్లకి, నానా తంటాలు పడి నేర్చుకున్న రాత. నా సంతకం తర్వాత ఈ ఇంట్లో నేను రాసింది కోడలి బరువు. తేదీ వేసి, అంకె వేసి, కింద గీత గీసేదాన్ని. డెబ్బయ్యొకటి. అరవై తొమ్మిది. అరవై ఏడున్నర.

కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. తొమ్మిదింటి నుంచి ఏడింటి వరకూ నిలబడే ఉండాలి. మధ్యాహ్నం గ్లాసు తీసుకెళ్లడం మర్చిపోయిందని ఒకరోజు ఫ్లాస్కులో పోసుకుని, బుడ్డదాన్ని చంకనేసుకుని నేనే వెళ్లాను. మనవరాలిని అందరం బుడ్డది అనే పిలుస్తాం. షాపు ముందు పదిమంది దాకా ఉన్నారు. కోడలు ఒక చేత్తో చీటీ పట్టుకుని, రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కళ్లు మూసుకుపోతున్నాయి. "ఏంటమ్మాయ్, నిద్రొస్తోందా? మందులు మార్చి ఇచ్చేవు, మావాళ్లు పోతారు!" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. నన్ను చూసి వెనక గదిలోకి వచ్చింది. మందుల అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చుని కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది. తర్వాత ఫ్లాస్కు అడుగున మిగిలిన ఐసు ముక్కలు అరచేతిలో పోసుకుని నమిలింది. కరకరా, అన్నం తింటున్నట్టు, నమిలి మింగి, మళ్లీ నమిలింది. బుడ్డది దాన్ని చూసి చెయ్యి చాచింది. కోడలు అటు తిరిగి కూర్చుంది. ఐసు ముక్క కూడా బిడ్డకి ఇవ్వలేదు.

మర్నాడు పొద్దుటి గ్లాసులో రెండు చెంచాల చక్కెర వేశాను. బుడ్డదాని పాల మీద మీగడ తీసి అదీ వేసి గిలకొట్టాను. జాలిపడే వేశాను, అందులో అబద్ధం లేదు. అది తాగి కోడలు గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇవాళ కాఫీ చాలా బాగా కుదిరింది అత్తయ్యా" అంది. నాలుగేళ్లలో నా చేతి పదార్థం బాగుందని ఆ పిల్ల అనడం అదే మొదలు. మా ఆయన ఒక్కసారీ అనలేదు. మావాడికి వంట బాగుంటే మాటే ఉండదు, బాగా లేనప్పుడే నోరు లేస్తుంది. ఆ తర్వాత రోజూ వేశాను. వారం తిరిగేసరికి రెండు చెంచాలు నాలుగయ్యాయి. జాలి ఎంతవరకో, ఆ మెప్పు కోసం ఎంతవరకో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

ఆదివారం మిషను అరవై ఎనిమిది చూపించింది. అరకిలో పెరిగింది.

"ఏం తిన్నావు?" అన్నాడు మావాడు.

"ఏమీ తినలేదండి."

"గాలి తిని లావెక్కావా?"

కోడలు మిషను మీదే నిలబడి ఉంది. నేను కలం మూత తీసి పట్టుకుని ఉన్నాను. నోరు తెరవాల్సింది అప్పుడే. వాడి మొహం చూశాను. నా మందులు, నా కళ్లజోడు, నేను పడుకునే గది అన్నీ ఆ మొహంలోనే కనిపించాయి. అరవై ఎనిమిది అని రాశాను.

వాడు కోడలి చేతిసంచీ తెచ్చి బల్ల మీద బోర్లించాడు. దువ్వెన, బుడ్డదాని సాక్సు ఒకటి, బస్సు టిక్కెట్లు. తినేది ఏమీ లేదు. "తెలివిగా దాస్తోంది" అన్నాడు నాతో. నేను "ఊఁ" అన్నాను. ఆ "ఊఁ" అనకుండా ఉండొచ్చు. అన్నాను.

సోమవారం భయపడి చక్కెర వేయలేదు. కోడలు ఒక గుక్క తాగి, గ్లాసు కాసేపు చేతిలో తిప్పుతూ కూర్చుంది. మిగతాది తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది. బాగుందన్న మాట లేదు. మంగళవారం మళ్లీ వేశాను.

రెండో ఆదివారం ఇంకో అరకిలో. ఈసారి సాయంత్రం కూరముక్కలు ఆగిపోయాయి. షాపు యజమానికి మావాడు మా ఇద్దరి ముందే ఫోను చేశాడు. "మా ఆవిడ అక్కడేమైనా తింటోందేమో కాస్త చూడండి సార్. ఇంట్లో చెప్పడం లేదు" అని నవ్వుతూ అన్నాడు. మర్నాటి నుంచి షాపులో తోటివాళ్లు టీ తెప్పించుకుంటే మా కోడలి వైపు చూసి కప్పు చాటుకి పెట్టుకునేవాళ్లట. ఇది కోడలు చెప్పలేదు. మా వీధిలోనే ఉండే షాపు ఊడ్చే ఆవిడ నాకు చెప్పి, "మీ కోడలికి అంత తిండి యావా అమ్మా?" అని అడిగింది. ఏమోనన్నాను.

మూడో ఆదివారం మిషను కదల్లేదు. పోయిన వారం ఎంతో అంతే. మావాడు కాగితం ముందు నిలబడి చాలాసేపు చూశాడు. "తప్పు నాదే. పొద్దస్తమానం బయట వదిలేస్తే ఏం తింటోందో నాకేం తెలుస్తుంది? ఉద్యోగం మానెయ్. ఇంట్లో అమ్మ కళ్లెదుట ఉంటే దారికొస్తావు" అన్నాడు. కోడలు మొదటిసారి గొంతెత్తింది. "ఉద్యోగం జోలికి రాకండి. ఏమైనా చేయండి, అదొక్కటి వద్దు." వాడు అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. రేపటి నుంచి రాదు సార్, ఆరోగ్యం బాగోలేదు, అవును సార్, ఉంటాను సార్. పెట్టేశాడు.

అది ఇంట్లో ఉంటే బుడ్డదాన్ని అదే చూసుకుంటుంది, నా నడుముకి కాస్త తెరిపి అని నాకు అనిపించింది. అనిపించలేదని రాస్తే ఈ కథ రాయడం దండగ.

వంటింట్లోకి వెళ్లి బాదం పిండుతూ నిలబడ్డాను. కోడలు వచ్చి పక్కన నిలబడింది. ఏడవలేదు.

"ఇవాళ చక్కెర వేయక్కర్లేదు అత్తయ్యా" అంది.

గుడ్డ నా చేతిలోంచి గిన్నెలోకి జారింది.

"నీకు... ఎప్పుడు తెలిసింది?"

"మొదటి గుక్కలోనే. నాకు నాలుక లేదనుకున్నారా?"

"మరి వాడితో చెప్పొచ్చుగా అమ్మాయ్!"

"చెప్తే ఆ గ్లాసు కూడా పోయేది. రోజంతా నా కడుపులో కాస్త నిలిచేది అదొక్కటే. బాగుందని ఎందుకన్నాననుకున్నారు? అంటే మళ్లీ వేస్తారని."

నేను గిన్నెలోంచి గుడ్డ తీసి మళ్లీ పిండబోయాను.

"మూడు ఆదివారాలు చూశానత్తయ్యా. ఇవాళ చెప్తారు, ఇవాళ చెప్తారు అని. మీరు అంకె వేసి కింద గీత గీశారు. తిన్నగా, వంకర లేకుండా."

బుడ్డది నిద్రలో కదిలితే కోడలు అటు వెళ్లిపోయింది. నేను చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని బయటపడ్డాను. ఆదివారం కూడా ఆ షాపు తీసే ఉంటుంది. యజమాని లెక్కలేనన్ని డబ్బాల మధ్య కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"మా కోడలు రేపు వస్తుంది బాబూ" అన్నాను.

"మీ అబ్బాయి రాదని చెప్పాడు గదమ్మా!"

"ఉద్యోగం మావాడికి ఇచ్చారా, మా కోడలికి ఇచ్చారా?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని నన్ను చూశాడు. "ఇంకో అమ్మాయిని రమ్మని కబురు చేశానే. సరే, రేపు తొమ్మిదింటికి ముందు ఎవరొస్తే వాళ్లు. తర్వాత నన్నేమీ అనకండి" అన్నాడు.

ఆ మాట పట్టుకుని రొప్పుకుంటూ ఇంటికొచ్చాను. "రేపు తొమ్మిదిలోపు వెళ్లమ్మా. నేను మాట్లాడి వచ్చాను" అన్నాను కోడలితో. మెచ్చుకుంటుందనుకున్నానేమో కూడా.

"ఎవరితో మాట్లాడారు?"

"మీ షాపాయనతో."

"ఆయన నన్ను ఎప్పుడూ తూకం వేయలేదత్తయ్యా" అని బుడ్డదాని బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది.

హాల్లో మావాడు సోఫాలో పడుకుని ఆట చూస్తున్నాడు. వెళ్లి టీవీకి అడ్డంగా నిలబడ్డాను.

"జరుగమ్మా, కనపడటం లేదు."

"కనపడక్కర్లేదు, విను. మూడు వారాల నుంచీ దాని కాఫీలో చక్కెర వేసింది నేను. మీగడ కలిపింది నేను. అది ఏమీ దొంగతనంగా తినలేదు. నువ్వు దాని సంచీ బోర్లించినప్పుడు కూడా నాకు తెలుసు. రేపు అది ఉద్యోగానికి వెళ్తుంది, షాపాయనకి చెప్పి వచ్చాను."

వాడు లేచి కూర్చున్నాడు. నమ్మడానికి కాస్త సమయం పట్టింది. నమ్మాక నెమ్మదిగా, ఎప్పటిలాగే అరవకుండా అన్నాడు. "ఎవరింట్లో ఉండి, ఎవరి తిండి తింటూ మాట్లాడుతున్నావో తెలుస్తోందా నీకు?"

"తెలుసు. తెలిసే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను."

"అయితే బట్టలు సర్దుకో."

"సర్దుకుంటాను. రేపు అది ఇంటికి వచ్చేదాకా మాత్రం కదలను. అప్పటిదాకా పిల్లని చూడాలి. ఆ తర్వాత నువ్వు పొమ్మన్న చోటికి పోతాను."

వాడు ఇంకా ఏదో అంటున్నాడు. కోడలు వచ్చి నా పక్కన నిలబడుతుందని ఎదురుచూశాను. రాలేదు. వంటింట్లో గరిటె గిన్నెకి తగిలిన చప్పుడైంది. కోడలు అన్నం పెట్టుకుంటోంది. కాసేపాగి ఆ చప్పుడే మళ్లీ వినిపించింది, మారు పెట్టుకుంటోంది.