గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది

నాగలక్ష్మికి ఇదే ఆఖరి బ్యాంకు పరీక్ష. వచ్చే నెలతో వయసు దాటిపోతుంది. అందుకే తల్లి సన్యాసమ్మ ఎండుచేపల బుట్ట పక్కింటావిడకి అప్పజెప్పి, బందరు నుంచి పొద్దున్నే బస్సెక్కి కూతురికి తోడు వచ్చింది.

బెంజ్ సర్కిల్ దగ్గర హాస్టల్లో ఉండి నాలుగేళ్లుగా చదువుతోంది నాగలక్ష్మి. ఫోన్ తెరిస్తే చాలు, ఎవరికో ఉద్యోగం వచ్చిందని దండలు, స్వీటు డబ్బాలు, ఆ కిందే "నీదేమైంది లక్ష్మీ?" అని చుట్టాల ఆరా. పుండు మీద కారం చల్లడమంటే అదే. అప్పుడు ఫోన్ ఆపి దిండు కింద పడేసి, పజిళ్ల పుస్తకం తీసేది. గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది. డాక్టరుకి ఎడమవైపు మూడో కుర్చీలో లాయరు, లాయరు పక్కన టీచరు కూర్చోదు. పెన్సిల్‌తో ఒక్కొక్కరినీ కూర్చోబెడుతుంటే గుండెదడ తగ్గేది. అక్కడ సిఫార్సులుండవు. ఓపిక పడితే అందరికీ చోటు దొరుకుతుంది. లోకం మీద పోయిన నమ్మకం ఆమెకు ఆ బల్ల దగ్గర మిగిలింది.

కోచింగ్‌లో చక్రి సారు మొత్తుకునేవాడు. "పజిల్ కనపడగానే దిగిపోమాకమ్మా. ముందు చిన్నయ్యి కొట్టెయ్. ఆ పిచ్చే నీ కొంప ముంచుద్ది."

నాగలక్ష్మి తలూపేది. తలూపడానికేం, గంగిరెద్దూ ఊపుతుంది.

పరీక్షలో లెక్కల భాగం ముగిసింది. తర్వాత రీజనింగ్, ఇరవై నిమిషాలు. మొదటి ప్రశ్నే గుండ్రటి బల్ల. దాటెయ్యాలని తెలుసు. కానీ గుండె దడదడలాడుతోంది. కాస్త కుదుటపడ్డాక మిగతావి చూద్దామనుకుని రఫ్ కాగితం మీద బల్ల గీసింది. ఒకలా కూర్చోబెడితే కుదరలేదు, ఇంకోలా మొదలుపెట్టింది. నెమ్మదిగా దడ తగ్గింది. ఎనిమిదో మనిషి కూడా కూర్చున్నాక దాని కింది ఐదు ప్రశ్నలకీ జవాబులు నొక్కి, తేలికపడ్డ మనసుతో తలెత్తింది. రెండు నిమిషాలు మిగిలాయి. ప్రశ్నలు ఇంకా ముప్పై ఉన్నాయి.

గేటు బయట సన్యాసమ్మ ఎండలోనే నిలబడి ఉంది. నిరుడు ఏడుస్తూ వచ్చిన పిల్ల ఈసారి ఏడవకపోయేసరికి ఆమెకు ఆశ పుట్టింది.

"ఎట్టా రాశావే?"

"చేసినయ్యన్నీ కరెక్టేనమ్మా," అంది నాగలక్ష్మి. అది అబద్ధం కాదు.

సన్యాసమ్మ పైటచెంగుతో కళ్లు తుడుచుకుని కొడుక్కి ఫోన్ చేసింది. "ఒరే రాంబాబూ, అక్క అన్నీ కరెక్టుగా చేసిందంట. ఇరుగుపొరుగోళ్లకి చెప్పు."

నాగలక్ష్మి ఆపబోయింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. బస్టాండు దాకా ఆటోలో తల్లి ఆమె చెయ్యి వదలకుండా పట్టుకునే కూర్చుంది.