చౌటి గుంటలో వాన

అల్లాబక్ష్ గట్టు దిగి, చూపుడువేలు గుంటలో ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. తుపుక్కున ఊసి, మోకాళ్ళ మీద చేతులానించి నీళ్ళలోకి ఒంగి చూశాడు. చేపపిల్లలు గోరంత పొడవున్నాయి. ఒళ్ళు గాజు మాదిరి, రెండు నల్లటి కళ్ళు తప్ప కనిపించేదేమీ లేదు. వేల జతల కళ్ళు వాటంతటవే నీళ్ళలో తిరుగుతున్నట్టుంది. పదకొండు రోజులుగా పొద్దున్నే చూస్తున్నా అతనికి తనివి తీరలేదు.

అరవై నాలుగేళ్ళ మనిషి. జమ్మలమడుగుకు కాస్త దూరంలో ఉన్న ఈ చేలోనే నలభై ఏళ్ళు పనిచేశాడు. తోటివాళ్ళు కువైట్ పోయారు, ప్రొద్దుటూరులో కొట్లు పెట్టుకున్నారు. అతను మాత్రం ఎర్రగుంట్ల స్టేషను అవతల ఏముందో ఎరగడు. ఇక సముద్రం సంగతి చెప్పేదేముంది! ఈ చేలో బోరు వేసిన రోజు నీళ్ళకు మొదట దోసిలి పట్టింది అతనే, మొదట ఉమ్మేసిందీ అతనే. ఆ ఉప్పునీళ్ళకు వేరుశనగ మాడింది, నిమ్మచెట్లు మాడాయి, చివరికి నేల తెల్లగా చౌడు పట్టింది. వాన కోసం పైకి చూసి చూసి మొగుడి మెడ అలాగే బిగుసుకుపోయిందని ఖాతూన్‌బీ ఎగతాళి చేస్తుంది.

ఆసామి ఆదినారాయణ కూతురు ప్రశాంతి చేపల చదువు చదివి వచ్చి, ఆ ఉప్పునీళ్ళతోనే గుంట నింపింది. పేడ, తవుడు చల్లి అడుగున పాచి పెంచింది. కోస్తా నుంచి, ఉప్పునీళ్ళలో బతికే పాలబొంత చేపపిల్లలను తెచ్చి వదిలింది. మందుల్లేవు, కొన్న మేత లేదు, పాచి తినే పెరగాలి. "ఇవి గిన సచ్చినాయంటే గుంట పూడ్చేస్తా" అని ఆదినారాయణ ఖరాఖండిగా చెప్పేశాడు.

పది గంటలకు వాన దిగింది. రెండు నెలలుగా మొహం చాటేసిన వాన! అల్లాబక్ష్ తలగుడ్డ తీసేసి మొహం పైకెత్తాడు, పెదవుల మీద పడ్డ చినుకులు చప్పరించాడు. రెండు గంటలు కుండపోతగా కురిసింది. తెరిపి ఇవ్వకముందే ప్రశాంతి పరిగెత్తుకొచ్చింది.

"మామా, తూము పైచెక్కలు తీయాల. బిన్నే రా!"

"ఏంటికి పాపా?"

"వాన నీళ్ళు పైన తేలతాండాయి. ఉప్పునీళ్ళు అడుక్కు పోయినాయి, ఆడ గాలాడదు. పిల్లలు యాడ బతకాల? పైనీళ్ళు పారబోయాల."

అల్లాబక్ష్ చేతులు కదల్లేదు. "వాన నీళ్ళా? నా చేత్తోనా?"

ప్రశాంతి గుంట వైపు చూపింది. పిల్లలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి.

"అల్లా, మాఫ్ చెయ్" అని గొణిగి మొదటి చెక్క లాగాడు. పిల్లలు కొట్టుకుపోకుండా తూముకు కట్టిన దోమతెర దాటి నీళ్ళు వంకలోకి దుమికాయి. నలభై ఏళ్ళు అడిగి అడిగి తెచ్చుకున్న తియ్యటి నీళ్ళు. ఏడుస్తూనే రెండో చెక్క కూడా లాగాడు. తర్వాత తొడలోతు దిగి, వేపకొమ్మతో నీళ్ళు కలుపుతూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తిరగసాగాడు. రొప్పుతున్నాడు. గట్టెక్కమని ప్రశాంతి ఎంత బతిమాలినా వినలేదు.

సాయంత్రానికి ఎండ కాసింది. పిల్లలన్నీ గుంపు కట్టి అంచు వెంబడి ఈదడం మొదలుపెట్టాయి. అల్లాబక్ష్ కొమ్మ వదిలేసి అలాగే నిలబడిపోయాడు.

"సముద్రం గూడా ఇట్లే ఉంటాదా పాపా?"

"ఇట్లే మామా. ఇంగా శానా పెద్దది."

"మరి ఆడ వాన పడితే ఎవురు పారబోచ్చారు?"

"ఎవురూ పారబోయరు. అంతా కలుపుకుంటాది."

"సుభానల్లా!" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం చిన్నపిల్లవాడి మొహంలా ఉంది. మెల్లగా గట్టెక్కి, మోటారు గది గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ప్రశాంతి గుంట చుట్టూ తిరిగి చూసింది. చచ్చినవి గుప్పెడు కూడా లేవు. "మామా, బతికినాయి!" అని అరుచుకుంటూ వచ్చింది. అల్లాబక్ష్ పలకలేదు. కళ్ళు నీళ్ళ వైపే తెరిచి ఉన్నాయి. ఆమె భుజం పట్టుకుంటే తల పక్కకు ఒరిగింది.

అతని పక్కన సద్ది గిన్నె ఉంది. తినని సంకటి ముద్ద మూతలోకి తీసి పెట్టి ఉంది. గిన్నె నిండా, తూము తీయకముందు ముంచుకున్న వాన నీళ్ళు.