రాయి ఉన్న చోట నిమ్మకాయ

మా ఆయన ఇశ్రాయేలు కారు కిందికి దూరాడంటే నాకు ముద్ద దిగదు. మా పెళ్లయిన కొత్తలో ఆయన అన్న లారీ కింద పని చేస్తుంటే జాకీ జారింది. తల పగిలిన ఆ శవాన్ని నేను చూశాను. అందుకే చాంద్రాయణగుట్ట షెడ్డుకు అన్నం రోజూ నేనే పట్టుకెళ్లేదాన్ని. అన్నం ఒక వంక. మనిషి బతికున్నాడో లేదో చూసుకోవడం అసలు పని.

ఆ రోజు ధూల్‌పేట్ వైకుంఠం కారు వచ్చింది. నిజాం కాలం నాటి నల్ల కారు. పెళ్లి ఊరేగింపులకు కిరాయికి తిప్పుతాడు. ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి ఉంటుంది, చాంబర్ అంటారు. దాని అంచున బిగించే అట్ట ప్యాకింగ్ చివికి నూనె కారుతోంది. చాంబర్ దించి కొత్త ప్యాకింగ్ వేయాలి. కారు ముందు భాగాన్ని ఎత్తి చెక్క దిమ్మెల మీద నిలబెట్టారు. షెడ్డు ముందు నేల రోడ్డు వైపు వాలు, ఆ ముసలి కారుకు బ్రేకులు పట్టవు. అందుకని వెనక చక్రాలకు ముందు చెరో రాయి పెట్టారు. యేసును నమ్ముకున్నదాన్నే అయినా చెబుతున్నాను, నా పసుపుకుంకుమలు ఆ రెండు రాళ్ల మీదే ఉన్నాయి.

నేను వెళ్లేసరికి కారు కింద నుంచి ఆయన పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఠక్ ఠక్‌మని చాంబర్‌ను కొడుతున్నాడు. పాత ప్యాకింగ్ అంటుకుపోయి ఊడి రావడం లేదట. ఆయనతో కలిసి షెడ్డు నడిపే బాబూమియా పక్కనే కూర్చుని కొత్త ప్యాకింగ్ కత్తిరిస్తున్నాడు.

వెనక చక్రం దగ్గర వైకుంఠం వంగి ఉన్నాడు. స్నానం చేసి బొట్టు పెట్టుకుని, చేతిలో నిమ్మకాయలు పట్టుకుని వచ్చాడు. ఒక రాయి అప్పటికే పక్కకు లాగేశాడు. రెండో రాయి మీద చెయ్యి వేశాడు.

"ఏం చేస్తున్నవన్నా! కింద మనిషున్నడు!" అన్నాను.

"ఫికర్ జెయ్యకు లీలమ్మా. మంచి గడియ దాటిపోతున్నది. చక్రం కింద నిమ్మకాయ పెట్టాలె, రాయి అడ్డమున్నది. గంత పెద్ద కారు గింత రాయి మీద ఆగుతదా ఏంది?"

అంటూనే రాయి లాగేశాడు.

కారు కిర్రుమంది. ముందున్న దిమ్మె ఒరిగింది. అరిచే వ్యవధి లేదు. కింద మాత్రం ఠక్ ఠక్ ఆగలేదు. ఆయనకు ఏమీ తెలియదు. టిఫిన్ క్యారియర్ విసిరేసి, ఆ రాయినే పట్టుకుని చక్రం ముందుకు తోశాను. చక్రం రాయి మీదికి ఎక్కబోయి ఆగింది. నా వేళ్లు నలిగాయి. "యా అల్లా!" అంటూ బాబూమియా ఆయన కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చాడు.

ముఖమంతా నల్లగా ఉంది. నూనో నెత్తురో తెలియక చీరకొంగుతో తుడిచి తుడిచి చూశాను. నూనే. అప్పుడు ఏడుపొచ్చింది.

"నీ గడియ మండ! నీ నిమ్మకాయలు మండ!" అని వైకుంఠాన్ని చెడామడా తిట్టాను. నిమ్మకాయలు ఎప్పుడో అతని చేతిలోంచి జారి నేల మీద దొర్లాయి.

"దిష్టి తగలొద్దనే గదమ్మా," అన్నాడు.

దిమ్మెలు సరిచేసి రాళ్లు మళ్లీ పెట్టారు. మా ఆయన మళ్లీ కిందికి దూరబోయాడు.

"పోకు," అన్నాను.

"చాంబర్ సగం దిగింది. గిట్ల ఇడిసిపెడితే ఎట్లనే?"

ఆయన దూరాడు. నేను నేల మీద చతికిలబడి రెండు కాళ్లూ ఆ రాయికి తన్నిపెట్టి కూర్చున్నాను. బాబూమియా చాయ్ తెచ్చినా కదలలేదు. కొత్త ప్యాకింగ్ వేసి, చాంబర్ బిగించి, ఆయన బయటికి వచ్చాకే కాళ్లు తీశాను. అప్పటికి అవి మొద్దుబారాయి.

సాయంత్రం కారును దించారు. వైకుంఠం ఆ నిమ్మకాయలనే ఏరుకొచ్చి చక్రాల కింద పెట్టి, నా వైపు భయంభయంగా చూశాడు. పెట్టుకోనీ అనుకున్నాను. ఇశ్రాయేలు నా పక్కనే నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. ఇంక భయమేముంది?

కారు కదిలింది. చక్రం కింద నిమ్మకాయ ఫట్‌మని పగిలింది.

నేను కెవ్వున అరిచాను.

"ఏందే లీలమ్మా, నేనీడనే ఉన్న గద!" అంటున్నాడు ఆయన. రెండు చేతులతో ఆయన తలను పట్టుకుని, ఎక్కడైనా పగిలిందేమోనని వెతుకుతూనే ఉన్నాను.