ఇంటింటా మంచినీళ్లు

హన్నమ్మ ఏ గుమ్మం ముందు ఆగితే ఆ ఇంట్లో క్షయ ఉన్నట్టే లెక్క. ఏలూరు తివాచీల వీధిలో పిల్లకాయలు కూడా ఆ సంగతి చెప్పేస్తారు. ఆమె పని అలాంటిది మరి. ఆరోగ్య కేంద్రం నుంచి వారానికి మూడుసార్లు బిళ్లలు తెచ్చి, రోగి తన కళ్లెదుట మింగేదాకా కూర్చోవాలి. చేతికిచ్చి వెళ్లిపోవడానికి వీల్లేదు. పద్ధతి మంచిదే. కాకపోతే ఆ పద్ధతి పెట్టిన పెద్దమనుషులెవరూ ఈ వీధిలో అద్దెకుండి చూడలేదు.

రెండువేల నాలుగు ఎండాకాలంలో సకీనాకు జబ్బు బయటపడింది. ఆమె హన్నమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది.

"మీరు మా ఇంటికి మాత్రం రావద్దండీ. తెలిసిందంటే షావుకారు మగ్గం పట్టుకుపోతాడు. ఇంటాయన సామాను రోడ్డు మీద పెట్టిస్తాడు."

"నే రాకపోతే నువ్వు చస్తావే తల్లీ."

"వస్తే ఇంటిల్లిపాదీ చస్తామండీ."

హన్నమ్మ బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. ఒక్క ఇంటికి వెళితేనే కదా అనుమానం! అన్ని ఇళ్లకీ వెళితే? ఆ వారం నుంచి వీధి మొదట్లోంచి చివరిదాకా ప్రతి గుమ్మంలోనూ ఆగి మంచినీళ్లు అడగడం మొదలుపెట్టింది. కాసేపు కూర్చుని పిల్లల సంగతులు, ధరల సంగతులు మాట్లాడి లేచేది. సకీనా ఇంట్లోనూ అంతే. అక్కడ మాత్రం హన్నమ్మ కోసం తెచ్చిన గ్లాసు నీళ్లతో సకీనా మగ్గం చాటున బిళ్లలు మింగేది. వీధి ఆడవాళ్లు హన్నమ్మను తెగ ఆటపట్టించారు.

"అదేం దాహమండీ బాబూ! కృష్ణా కాలవ మీకు చాలదేమో!"

ఆమె నవ్వేసేది. లోపల మాత్రం తన తెలివికి తానే మురిసిపోయేది.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆమె కూర్చునేది రేహానా గుమ్మంలో. అది సరిగ్గా సకీనా ఇంటికి ఎదురుగా ఉంది. అటు ఎవరు వస్తున్నారో, ఎవరు చూస్తున్నారో అక్కడినుంచి బాగా కనబడుతుంది. రేహానా నెమ్మదస్తురాలు. పీట వేసి, గ్లాసు కడిగి నీళ్లిచ్చి, పక్కనే కూర్చునేది. మధ్యమధ్య కొంగు అడ్డం పెట్టుకుని దగ్గేది. ఉన్ని నూగు ఎగిరే ఆ వీధిలో దగ్గనిదెవరు? హన్నమ్మ ఆమె మాటలకు ఊ కొడుతూ ఎదురింటి గుమ్మం మీదే కళ్లు పెట్టుకుని ఉండేది.

సకీనా ఒళ్లు చేసింది. ఇంకో నెల మింగితే మందు అయిపోతుంది. అలాంటప్పుడు ఒక ఉదయం హన్నమ్మ వచ్చేసరికి రేహానా వాకిట్లో జనం ఉన్నారు. రాత్రి నోటివెంట రక్తం పడిందట. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట.

 రేహానా భర్త హఫీజ్ హన్నమ్మను చూసి లేచి నిలబడ్డాడు. అంత దుఃఖంలోనూ ఆ మనిషి మర్యాద తప్పలేదు.

"మీకు తెలుసని మా ఆవిడ అనేదండీ," అన్నాడు. "హన్నమ్మగారు నా దగ్గు వింటూనే ఉన్నారు, అందుకే మన గుమ్మంలో అంతసేపు కూర్చుంటున్నారు అనేది. పైకి అంటే పరువు పోతుందని ఆగారు, వీలు చూసుకుని ఆవిడే మందిస్తారు అనేదండీ. ఆస్పత్రికి పోదాం పదవే అంటే, ఆవిడుండగా మనకెందుకు అనేది. ఎప్పుడిద్దామనుకున్నారండీ?"

నాకు తెలియదయ్యా, నేను నీ పెళ్లాం కోసం కూర్చోలేదు అందామని హన్నమ్మ నోరు తెరిచింది. మరి ఎవరి కోసం కూర్చున్నట్టు? ఆ ప్రశ్న అడగడానికి వీధి వీధంతా అక్కడే ఉంది. ఆడవాళ్ల మధ్య సకీనా బిక్కచచ్చిపోయి ఆమె వైపే చూస్తోంది.

"ఈ వారంలో ఇద్దామనుకున్నానయ్యా," అంది హన్నమ్మ.

వెనక ఎవరో ఛీ అన్నారు.  హఫీజ్ మాత్రం ఆమె మాట పూర్తిగా నమ్మాడు. కళ్లు తుడుచుకుని అన్నాడు.

"ఓ వారం ముందు ఇవ్వాల్సిందండీ."