ఒక గంట కొడితే ఆగాలి

ఆ క్యాన్సర్ వార్డులో రోజూ పది గంటలకి నర్సు పాఠం చెప్పేది.

"లేవాలనిపిస్తే ముందు మంచం అంచున కూర్చోండి. ఇరవై లెక్కపెట్టండి. బాగానే ఉందనిపించినా గంట నొక్కండి. మేం వచ్చాకే అడుగు వెయ్యండి. సెలైన్ స్టాండుని నమ్ముకోకండి. దానికి చక్రాలున్నాయి, మనకంటే ముందు అదే పారిపోతుంది."

కిటికీ పక్క మంచం మీది కండక్టరు పైకప్పు చూస్తూ పడుకునేవాడు. ముప్పై ఏళ్ళు కదిలే బస్సులో దేన్నీ పట్టుకోకుండా టిక్కెట్లు చింపిన మనిషి. ఆయనకి నిలబడ్డం నేర్పాలా?

పాఠం వినేది ఆయన నీడ. మందుల దెబ్బకి మనిషి పుల్లలా అయిపోయినా, నీడ మాత్రం పాత ఒడ్డూ పొడుగుతోనే ఉండేది. గోడ మీద బుద్ధిగా కూర్చుని, వేళ్ళు మడుస్తూ ఇరవై లెక్కపెట్టేది. ఆయా కూడా "కాస్త కాళ్ళెత్తు నాయనా" అని దాని కింద తుడిచిపోయేది.

"మీకంటే మీ నీడే నయం" అంది నర్సు.

"దానికేం పనమ్మా, వింటుంది."

ఆయన భార్యకి నవ్వు రాలేదు. ఎదురు మంచం ఆయన మొన్న బాత్రూముకని ఒంటరిగా లేచి పడ్డాడు. ఇప్పుడా మంచం మీద దుప్పటి నలగకుండా ఉంది. రక్తాన్ని గడ్డకట్టించే కణాలు ఈయనకీ అడుగంటాయని, పడి తలకి దెబ్బ తగిలితే ఇక తమ చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు చెప్పాడు.

"రిపోర్టు తెచ్చుకొస్తాను. మీ కాళ్ళు పట్టుకుంటాను, నేనొచ్చేదాకా దిగకండి."

"పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్తావేంటే. వెళ్ళిరా."

ఆవిడ మెట్లు దిగిందో లేదో ఆయనకి బాత్రూము అవసరం వచ్చింది. ఆడపిల్లని పిలిచి ఆ మాట చెప్పాలంటే ప్రాణం చచ్చిపోయింది. నున్నటి మేజోళ్ళతోనే కాళ్ళు కిందికి దించి, స్టాండు పట్టుకుని లేవబోయాడు.

పాదాలు కదల్లేదు. నీడ మంచం అంచున గట్టిగా కూర్చుని ఉంది. మనిషికి నీడ అతుక్కునేది పాదాల దగ్గరే కదా, అది లేవకపోతే ఆయనెక్కడికి లేస్తాడు?

"లేవరా" అన్నాడు. "పరువు తీయకు. నీకు దణ్ణం పెడతాను."

అది వేళ్ళు మడుస్తూనే ఉంది. పన్నెండు. పదమూడు. ఆయన కళ్ళ ముందు వార్డంతా నల్లబడింది. చేతిలోంచి జారిన స్టాండు తనంతట తనే దొర్లిపోయి, ఎదురు మంచం కోడుకి తగిలి దబ్బున పడింది.

అప్పుడు నీడ చెయ్యి చాపి గంట నొక్కింది. ఒక్కసారే.

ఒక్క గంటకి బస్సు ఆగాలి. ఆయన కొట్టిన ఒక్క గంటని ముప్పై ఏళ్ళలో ఏ డ్రైవరూ కాదనలేదు. కండక్టరు కూర్చుండిపోయాడు.

భార్య వచ్చేసరికి నర్సు భుజం పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ బాత్రూము నుంచి తిరిగొస్తున్నాడు. ఆవిడ చేతిలోని కాగితంలో నిన్నటికంటే మంచి అంకె ఏదీ లేదు. ఆవిడ దాన్ని మడిచి సంచిలో పెట్టేసింది.

మంచం మీద వాలాక, గంట మీటని చేతికందేలా దిండు పక్కకి లాక్కున్నాడు.

"రేపట్నుంచి నేనే కొడతాను" అన్నాడు గోడవైపు చూస్తూ. "అది నా ఉద్యోగం."

అన్నాళ్ళకి, నీడ కూడా ఆయన పక్కన నడుం వాల్చింది.