తువ్వాలు కింద బడ్జెట్

నేను ఒక తువ్వాలును. తెల్లటి ఒళ్ళు, ఎర్రంచు, భుజాన వేసుకుంటే నడుము దాటే పొడవు. నా రంగు ఏ పార్టీదీ కాదు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా ఎద్దులవంకలో మనిషిని మొహం చూసి కాదు, మెడలో గుడ్డను చూసి గుర్తుపడతారు. పచ్చి తెలుపుతో పుట్టి, ఎవరి జెండాకూ అంటకుండా ఇన్నేళ్ళు నెగ్గుకొచ్చిన గుడ్డను ఊరు మొత్తం మీద నేనొక్కదాన్నే. కాస్త గర్వం ఉంది, దాచుకోను. నన్ను నేసినాయన గంజి కొంచెం ఎక్కువే పట్టించాడు. ఆ బిరుసు ఇంకా పోలేదు.

మగ్గం దిగిన వారానికే నన్ను హుసేనప్ప కొన్నాడు. ఆయన ఎద్దుల సంతలో దళారి. మా సంతలో ధర నోటితో చెప్పరు. చెబితే పక్కనున్నవాడు విని బేరం చెడగొడతాడు. అందుకని ఇద్దరూ తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళతో మాట్లాడుకుంటారు. వేలు పడితే ఒకటి, పిడికిలి పడితే అయిదు, అరచేతిలో గోరుతో గీస్తే ఒప్పుకోనని, బొటనవేలు మెలిపెడితే ఖాయమని. అసలు మర్యాద ఇంకొకటుంది. చేతులు లోపలున్నంతసేపూ ఒకరి మొహం ఒకరు చూడకూడదు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తువ్వాలు వైపు తిరగకూడదు. తిరిగితే బేరం చెడుతుందని మావాళ్ళకు గట్టి నమ్మకం. దాంతో ప్రపంచంలో జరిగే అసలు సంగతులన్నీ చూసే భాగ్యం నాకొక్కదానికే దక్కింది. పైన దేవుడిలా కూర్చున్న పెద్దమనుషుల చేతులు లోపల ఎంత వణుకుతాయో నాకు తెలుసు.

హుసేనప్ప పోయాక నేను ఆయన కూతురు ఫకీరమ్మ భుజం మీదికి వచ్చాను. ఆమె మున్సిపల్ ఆఫీసు ఎదురుగా మిరపకాయ బజ్జీల బండి పెట్టుకుంది. రాళ్ళగడ్డ కాలనీ వాళ్ళు ఆమెను ఇండిపెండెంటుగా నిలబెట్టి కౌన్సిలర్ని చేశారు. రాళ్ళగడ్డకు కొళాయి లేదు. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. వచ్చిన రోజున బిందెలతో జరిగే యుద్ధంలో ఒకసారి ఫకీరమ్మ ముందుపన్ను ఊడింది. "మీ ఇండ్ల ముందర నీళ్ళు పారిస్తా, లేదంటే మళ్ళా ఓటడగను" అని ఆమె మాటిచ్చింది. నన్ను నెలకోసారి కూడా ఉతకలేని కాలనీ అది. కాబట్టి ఆ మాటలో నా స్వార్థమూ ఉంది.

ఇక పార్టీల సంగతి. మున్సిపాలిటీలో కవ్వం పార్టీ, రోకలి పార్టీ అని రెండున్నాయి. కవ్వం పార్టీ ఉరుకుందప్ప చైర్మన్. ఇంటి పన్ను నూటికి ఇరవై అయిదు పెంచి, ఆ డబ్బుతో ఊరి మొదట్లో స్వాగత తోరణం కట్టాలని ఆయన కోరిక. దానిమీద రెండు కాంక్రీటు ఎద్దులు, ఎద్దుల మధ్యలో ఆయన. రోకలి పార్టీ నంజుండశెట్టికి రెండు ఫంక్షన్ హాళ్ళున్నాయి. పన్ను పైసా పెంచకూడదు, ఫంక్షన్ హాళ్ళకు అసలే ఉండకూడదు అని ఆయన సిద్ధాంతం. పన్ను మారాలంటే రెండు పార్టీలూ చెయ్యెత్తాల్సిందే. ఏ ఒక్కరి బలమూ చాలదు.

రాళ్ళగడ్డ పైపుల పథకం మాత్రం సిద్ధంగా ఉంది. పైనుంచి చాలావరకు డబ్బొస్తుంది, ఊరు తన వాటా బడ్జెట్లో చూపించాలి. నేను చెప్పబోయే నాలుగో మీటింగు రోజున, సాయంత్రం అయిదు లోపల చూపించకపోతే పథకం పక్క ఊరికి పోతుంది. మూడు మీటింగులు అప్పటికే మైకులు విరగడంతో, వాకౌట్లతో ముగిశాయి. పైగా నంజుండశెట్టితో మాట్లాడితే తన తల మీద పిడుగు పడాలని ఉరుకుందప్ప బస్టాండు సభలో ఒట్టేశాడు. ఉరుకుందప్పతో మాట కలిపితే మీసం తీసేస్తానని శెట్టిగారు మార్కెట్టు సభలో అన్నాడు. ఒకరికి తల ముద్దు, ఒకరికి మీసం ముద్దు. మధ్యలో రాళ్ళగడ్డ బిందెలు ఎండిపోతున్నాయి.

నాలుగున్నరకు మీటింగు మధ్యలో ఫకీరమ్మ లేచింది. బండి దగ్గర మిరపకాయలు చీలుస్తూ చీలుస్తూ ఆ చేతుల్తోనే వచ్చింది పాపం.

"మాట్లాడనని ఒట్టేసుకున్నారు, బాగుంది. చెయ్యి పట్టుకోనని ఎవురన్నా ఒట్టేసినారా?" అంది.

ఇద్దరు నాయకులూ ఆలోచించారు. ఎవరూ వెయ్యలేదు.

"అయితే సంతలో మాదిరి కానిచ్చేద్దాం రాండన్నా. నేను పద్దు పేరు చెప్తాంటా, మీరు ఏళ్ళతో తేల్చుకోండి."

నన్ను బల్ల మీద పరిచింది. హుసేనప్ప పోయిన తర్వాత మళ్ళీ నా కింద చేతులు. అదీ ఎద్దు కోసం కాదు, ఊరి మొత్తం కోసం. ఉరుకుందప్ప ఎద్దుల మధ్య పెరిగినవాడు, సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు. వేరుశనగ బేరాల్లో ఆరితేరిన శెట్టిగారు కిటికీలోంచి తన స్కూటరును చూసుకున్నాడు. కౌన్సిలర్లందరూ మర్యాదగా గోడల వైపు తిరిగారు. కమిషనరు వేరే జిల్లా మనిషి, ఏమీ అర్థం కాక, అందరూ తిరిగారు కదా అని తనూ తిరిగాడు.

"ఇంటి పన్ను. నూటికి ఎంత పెంచేది?" అంది ఫకీరమ్మ.

చైర్మన్ అయిదు పిడికిళ్ళు పట్టాడు. శెట్టి తోలు లేచేలా గీశాడు. చైర్మన్ ఆయన చిటికెనవేలు వెనక్కి వంచాడు. శెట్టి గిల్లాడు. చైర్మన్ తిరిగి గిల్లాడు. అయ్యా, నేనేం చెప్పను, అది బడ్జెట్టు చర్చ కాదు, బళ్ళో వెనక బెంచీ. పైన మాత్రం ఒకాయన ఫ్యానును, ఒకాయన స్కూటరును ప్రశాంతంగా చూస్తున్నారు. నేను మాత్రం గాలిపటంలా ఎగిరెగిరి పడుతున్నాను.

నా ఊపు చూసి ఫకీరమ్మకు లోపలి సంగతి తెలిసిపోయింది. గోడ గడియారం చూసింది. గోడల వైపు తిరిగిన వీపులు చూసింది. గాజులు చప్పుడు కాకుండా మోచేతి పైకి నెట్టుకుని, రెండు చేతులూ నా కిందికి దూర్చింది. కొట్లాడుతున్న చేతుల్ని విడదీసి, కుడిచేత్తో చైర్మన్‌ను, ఎడమచేత్తో శెట్టిని పట్టుకుంది. నా జన్మలో తువ్వాలు కింద నాలుగు చేతులు చూడడం అదే మొదలు. నేను నవ్వాపుకోలేక అంచులదాకా వణికాను.

రాళ్ళు మోసి, నూనెలో వేగి, గరుకెక్కిన చేతులవి. మగవాళ్ళిద్దరికీ అనుమానం రాలేదు. చైర్మన్ అయిదు పిడికిళ్ళు పడితే ఆమె గీసింది. నాలుగు పడితే గీసింది. రెండు పట్టగానే బొటనవేలు మెలిపెట్టింది. అటు శెట్టిని సున్నా నుంచి ఒక్కో వేలే లాగుతూ, బతిమాలుతూ, నొక్కుతూ అదే పది దగ్గరకు తెచ్చి మెలిపెట్టింది. శెట్టి మొహంలో కాస్త జాలి కనబడింది. పాపం చైర్మన్ ఇంత దిగొచ్చాడే అనుకుని ఉంటాడు.

"ఫంక్షన్ హాళ్ళ మాఫీ," అంది. శెట్టి ఎంత నొక్కి బతిమాలినా ఆమె బండరాయిలా ఉండిపోయింది. మాఫీ లేదు.

"తోరణం," అంది. చైర్మన్ చెయ్యి ఆశగా విచ్చుకుంది. ఆమె ఆ అరచేతిలో ఎంత గీసిందంటే, కాంక్రీటు ఎద్దులు రెండూ అక్కడికక్కడే చచ్చిపోయాయి. ఒక్క వేలు మిగిలింది. అంటే పేరు రాసిన బోర్డు ఒకటి.

"రాళ్ళగడ్డ పైపులు," అంది. అడగాల్సిన వాటా మొత్తం పిడికిలి మీద పిడికిలిగా అడిగింది, ఇద్దరినీ ఒకేసారి. ముందు శెట్టి మెలిపెట్టాడు. తర్వాత చైర్మన్. ఆమె తన చేతులు రెండూ వెనక్కి లాక్కుని నన్ను ఎత్తేసరికి, గాజులు మళ్ళీ మణికట్టు మీదికి జారాయి. అయిదుకు ఇంకా కొంచెం టైముంది.

తేలిన అంకెలు ఆమె చదివింది, రెండు పార్టీలూ చేతులెత్తాయి, కమిషనరు రాసుకున్నాడు, చప్పట్లు మోగాయి. చెమట పట్టిన మొహాన్ని చైర్మన్ అరచేత్తో తుడుచుకున్నాడు. శెట్టీ తుడుచుకున్నాడు. మిరపకాయ ఎవరి పార్టీ అని చూడదు కదా. ఇద్దరి కళ్ళూ అగ్గిలా మండి ధారలు కట్టాయి. కనబడక ఒకరినొకరు పట్టుకున్నారు. పోనీ అని నాతో తుడుచుకుంటే మంట రెట్టింపైంది, నాకూ ఆ కారం అంటి ఉంది మరి. విలేకరులు ఎగబడి ఫోటోలు తీశారు. "కన్నీళ్ళతో ఒక్కటైన నేతలు" అని మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ బొమ్మ చూసి ఊళ్ళో కొందరు నిజంగానే ఏడ్చారట.

పైపులు పడ్డాయి. రాళ్ళగడ్డలో మొదటి కొళాయి తిప్పిన రోజున ఇద్దరు నాయకులూ దండలేసుకుని వచ్చారు. నీళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళు తిట్టుకోకుండా బిందెలు నింపుకోవడం చూసి నాకు కన్నీళ్ళుంటే నేనూ ఏడ్చేదాన్ని, మిరపకాయ లేకుండానే. కానీ పైపు అతుకు దగ్గర బుస్సున కారుతోంది. ఫకీరమ్మ భుజం మీద నుంచి నన్ను లాగి ఆ అతుకుకు బిగించి కట్టింది. ఆనాటి నుంచి నా కాపురం అక్కడే. ఇన్నేళ్ళ మురికి ఒక్క గంటలో వదిలింది.

తర్వాత ఆమె ఇద్దరు నాయకుల చేతికీ వేడి బజ్జీలిచ్చింది. పొట్లం అందుకుంటుంటే ఆమె గరుకు బొటనవేలు శెట్టిగారి అరచేతికి తగిలింది. ఆయన ఆగిపోయాడు. తన చెయ్యి చూసుకున్నాడు, వాసన చూసుకున్నాడు, ఆమె చేతులు చూశాడు, పైపుకు చుట్టుకున్న నన్ను చూశాడు. తర్వాత ఉరుకుందప్ప చెవిలో ఏదో అన్నాడు. తలకూ మీసానికీ ఏమీ కాలేదు. ఉరుకుందప్ప నోట్లో బజ్జీ అలాగే ఉండిపోయింది. ఒక బజ్జీలామె చెయ్యి పట్టుకుని ఊరి బడ్జెట్ రాసిచ్చామని ఎవరితో చెప్పుకుంటారు?

చైర్మన్ తేరుకుని, పెద్దరికం తెచ్చుకుని, "ఈ అతుకు బాగాల్యా. కొత్తది ఏపిద్దాం. ఎంతవుతాదమ్మా?" అన్నాడు.

ఫకీరమ్మ వంగి నా ముడి మీద చెయ్యి వేసింది. "దాందేముందన్నా, ఇప్పుడే తేల్చుకుందాం. తువ్వాలు ఈడే ఉంది కదా," అంది, ఊడిన పన్ను సందులోంచి నవ్వుతూ.

ఇద్దరు నాయకులూ ఒక్కసారిగా చేతులు వెనక్కి దాచుకున్నారు.