పదీ నలభైకి వినబడే మాట

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది తమ్ముడే. నలభై నాలుగేళ్ళ మనిషి. లేవగానే దుప్పటి నాలుగు మడతలు పెట్టి, మొహం కడుక్కుని, మాసిన బట్టల బుట్ట మోసుకుంటూ వెనక వసారాలోకి వెళ్ళేవాడు. వాషింగ్ మెషీన్ అతని సొంత శాఖ. ఇంట్లో ఉండే మిగతా నలుగురి బట్టలూ అతనే వేసేవాడు, అతనే తీసేవాడు. ఇంకెవరైనా దాని మీట మీద చెయ్యి వేస్తే ఊరుకునేవాడు కాదు. మెషీన్ తిరిగినంతసేపూ దాని ముందు స్టూలు వేసుకుని చుట్లు లెక్కపెట్టేవాడు. అప్పటికి పెదాలు కదలడమే, మాట ఉండేది కాదు. పదిన్నర దాటాక, అతను ముందుగదిలో టీవీ చూసుకుంటూ ఉండగా, వసారాలో ఖాళీ స్టూలు దగ్గర్నుంచి "ఒకటి, రెండు, మూడు" అని తాపీగా వినబడేది.

అతని మాట మూడు గంటలు ఆలస్యం. పుట్టుకనుంచీ అంతే. ఎక్కడ అన్న మాట అక్కడే వినబడుతుంది, మనిషి వెంట రాదు. చిన్నప్పుడు టీచరడిగిన ప్రశ్నకి జవాబు బడి వదిలేశాక ఖాళీ తరగతిలో పలికేదట. గదులు ఊడ్చే ఆమె విని, మర్నాడు "పిల్లాడు సరిగ్గానే చెప్పాడండీ" అని సాక్ష్యం పలికేదట. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మే చూసుకుంది. అమ్మ పోయాక అక్క అతన్ని ఈ ఇంట్లో చేర్చింది. సొంతంగా నెట్టుకు రాలేనివాళ్ళు ఐదుగురు, వాళ్ళకి తోడుగా వంతులవారీగా ఒక మనిషి. చేర్చేటప్పుడు దరఖాస్తులో 'ప్రత్యేక విషయాలు' అన్నచోట అక్క రెండే రాసింది. పాలు పడవు. మాట మూడు గంటలు ఆలస్యం. సూపర్‌వైజర్ రెండింటికీ టిక్కు పెట్టాడు.

ఆ మంగళవారం పొద్దున తోడున్నది కొత్తావిడ. యాభై దాటిన మనిషి. పనిచేస్తున్న చెప్పుల ఫ్యాక్టరీ మూతపడితే ఇక్కడికొచ్చి మూడు వారాలైంది. ఏడూ నలభైకి ఆవిడ వసారాలోకి వెళ్ళేసరికి తమ్ముడు స్టూలు మీద లేడు. మెషీన్‌కి వీపు ఆనించి కింద చతికిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. కాసేపటికి పెదాలు కదిలాయి. లెక్కపెడుతున్నాడనుకుంది.

సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది. "గ్యాస్ అయ్యుంటుంది, మాత్ర వెయ్యండి. అలిగినా అలాగే కూర్చుంటాడులెండి," అన్నాడతను. మాత్ర వేసింది. కక్కేశాడు. మళ్ళీ ఫోన్ చేసింది. "కాసేపు చూడండి," అన్నాడు. తొమ్మిదికి అతని పెదాలు సున్నంలా తెల్లబడ్డాయి. ఇక ఆవిడ ఎవర్నీ అడగలేదు. అంబులెన్స్‌కి చేస్తే నలభై నిమిషాలు పడుతుందన్నారు. అప్పుడు అక్కకి చేసింది.

అక్క డ్రైవింగ్ నేర్పుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. పక్కనవాళ్ళు లారీకి ఎదురెళ్ళినా ఆవిడ కాలు బ్రేకు మీదకి పోయేదే కానీ గొంతు పెరిగేది కాదు. ఆ పూట స్టీరింగ్ ముందున్నది రిటైరైన జాగ్రఫీ మాస్టారు. అరవై ఎనిమిదో ఏట కారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టినాయన.

"మేడమ్, తమ్ముడుగారికి బాలేదు. చెమటలు, తెల్లబడిపోయారు."

"ఎప్పట్నుంచి?"

"ఏడూ నలభై నుంచి."

అక్క గడియారం చూసింది. తొమ్మిదీ పది. "గంటన్నరా? గంటన్నర నుంచి ఏం చేస్తున్నావ్ నువ్వు?" అని అరిచింది. మాస్టారు ఉలిక్కిపడి బండి రోడ్డు మధ్యలో ఆపేశాడు.

"మాస్టారూ, దిగండి."

"దిగి మళ్ళీ ఎక్కేసరికి ఇంకో నిమిషం పోతుందమ్మా. నువ్వు అటునించి రా, నేనిటు జరుగుతా," అని ఆయన గేరు కర్ర మీంచి కాళ్ళు ఎత్తి ఎలాగో పక్క సీట్లోకి దొర్లాడు. నెత్తిన ఎల్ బోర్డు ఉన్న ఆ కారు ఆ రోజు వెళ్ళినంత జోరుగా ముందెప్పుడూ వెళ్ళలేదు.

తమ్ముణ్ణి కొత్తావిడా, మాస్టారూ చెరోవైపు పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టారు. మిగతా నలుగుర్నీ వదిలేసి రావడానికి లేదు కాబట్టి కొత్తావిడ ఇంట్లోనే ఉండిపోయింది. దారంతా అక్క అద్దంలో తమ్ముడి మొహం చూస్తూనే ఉంది. సిగ్నల్ పడ్డచోటల్లా వేళ్ళు స్టీరింగ్ మీద టపటపలాడాయి. "వస్తున్నాం నాన్నా, వచ్చేశాం," అంటూనే ఉంది. అది తమ్ముడికి చెప్తోందో తనకే చెప్పుకుంటోందో మాస్టారుకి అర్థం కాలేదు.

ఎమర్జెన్సీ వార్డులో డ్యూటీ డాక్టరమ్మ కిందటి సాయంత్రం నుంచీ నిలబడే ఉన్నట్టుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుండె పరీక్ష కాగితం చూసి, బాగానే ఉందంది.

"నొప్పి ఎక్కడ బాబూ? చేత్తో చూపించు."

తమ్ముడు చెయ్యెత్తి వీధి గుమ్మం వైపు చూపించాడు. చెప్పేశాను కదా, మళ్ళీ ఎందుకడుగుతారన్నట్టు.

"చెప్పలేడా?" అంది డాక్టరు అక్కవైపు తిరిగి.

"చెప్పేశాడండీ. ఏడూ నలభైకే చెప్పాడు. పదీ నలభైకి వినబడుతుంది."

"ఇక్కడా?"

"కాదండీ. ఇంట్లో, వాషింగ్ మెషీన్ దగ్గర."

డాక్టరు గోడ గడియారం చూసింది. పదీ పన్నెండు. "అంటే అరగంట. బయట కుర్చీల్లో తొమ్మిదిమంది ఉన్నారు, నాకున్నవి నాలుగు మంచాలు. ఇప్పుడు అడిగితే?"

"ఒంటిగంట దాటాక చెప్తాడు."

"చూడండి, గ్యాస్‌లాగే ఉంది. ఇంజెక్షన్ ఇస్తాను, ఇంటికి తీసుకెళ్ళండి. ఎక్కువైతే మళ్ళీ రండి."

"నేను వీణ్ణి మంచం దించను," అంది అక్క. అని మంచం ఇనప రాడ్డు రెండు చేతులా పట్టుకుంది. డాక్టరు ఆ చేతులు చూసి, "సరే, కాగితం రాసేదాకా ఉండండి," అని పక్క మంచానికి వెళ్ళింది.

అక్క ఇంటికి ఫోన్ చేసింది. అటునుంచి గడగడమని చప్పుడు.

"ఆ చప్పుడేంటి?"

"మెషీన్ మేడమ్. తమ్ముడుగారు లేరని మన నలుగుర్లో పాటలు పాడే ఆయన వేసేశారు."

"ఆపు! ప్లగ్ పీకెయ్! స్టూలు దగ్గర నిలబడు. ఫోన్ స్పీకర్లో పెట్టు. ఎవర్నీ నోరెత్తనివ్వకు."

మెషీన్ ఆగింది. నలుగురూ ఏమైందని వసారాలోకి వచ్చినట్టున్నారు. "మీ ఫ్రెండు మాట రావాలి, కాసేపు గప్‌చిప్," అని కొత్తావిడ బతిమాలడం వినబడింది. పాటలాయన ఒక్క కూనిరాగం తీసి ఆపేశాడు. తర్వాత నిశ్శబ్దం.

పదీ నలభై. ఏమీ లేదు. పదీ నలభై మూడు. అక్క తన ఫోన్ కూడా స్పీకర్లో పెట్టి మంచం మీద ఉంచింది. మాస్టారు తమ్ముడి పాదాల దగ్గర నిలబడి గడియారం కేసీ మంచం కేసీ చూస్తున్నాడు. పదీ నలభై ఆరుకి ఫోన్లోంచి తమ్ముడి గొంతు వచ్చింది.

"ఒకటి. రెండు. మూడు."

ఉత్త లెక్కే. పక్క మంచం దగ్గర డాక్టరు ఇంటికి పంపే కాగితం మీద సంతకానికి పెన్ను తీసింది.

"తొమ్మిది. పది. పదకొండు." ఆగింది. "అక్కా."

మంచం మీద తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు.

"అక్కా, రొమ్ములో చిరిగింది. గుడ్డ చింపినట్టు చిరిగింది. ఇప్పుడు వీపులోకి పోతోంది. కిందికి పోతోంది. అక్కా, ఎవరో లోపల్నించి చింపేస్తున్నారు."

డాక్టరు పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ఒక్క అంగలో వచ్చి తమ్ముడి కుడి చేతికి బీపీ పట్టీ చుట్టింది. నూట డెబ్భై. విప్పి ఎడమ చేతికి చుట్టింది. నూట పది. మళ్ళీ చూసింది. అంతే ఉంది. రెండు చేతులకీ అంత తేడా ఉండకూడదు. ఆమె గొంతుకి నిద్ర వదిలిపోయింది. "స్కాన్ రూమ్ ఖాళీ చెయ్యమనండి! ఇప్పుడే! సర్జన్‌గారికి ఫోన్ కలపండి!"

స్కాన్‌లో కనబడింది. గుండెలోంచి బయల్దేరే పెద్ద రక్తనాళంలో లోపలి పొర చిరిగిపోయింది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. "చేసినా పూచీ ఇవ్వలేం. చెయ్యకపోతే మాత్రం రేపటిదాకా ఉండడు," అన్నాడు సర్జన్. అక్క చూపించినచోటల్లా సంతకం పెట్టింది. డాక్టరమ్మ దగ్గరికొచ్చి, "నేను పంపించేసేదాన్ని," అంది.

ఒంటిగంటకి సూపర్‌వైజర్ ఇంటికి వచ్చి కూర్చోవడంతో కొత్తావిడ బస్సెక్కి ఆసుపత్రికి వచ్చింది. చేతిలో తమ్ముడి బట్టల సంచి. తమ్ముణ్ణి స్ట్రెచర్ మీద ఆపరేషన్ థియేటర్ బయట లిఫ్టు పక్కన ఆపి ఉంచారు.

"ఎందుకొచ్చావ్?" అంది అక్క. "గంటన్నర తగలేశావ్. వాడికేమన్నా అయితే అది నీ పుణ్యమే. సాయంత్రానికి ఆ ఇంట్లో నీకు పని లేకుండా చేస్తాను."

కొత్తావిడ సంచి కుర్చీలో పెట్టి గోడవారగా నిలబడింది.

తమ్ముడు ఇద్దర్నీ మార్చిమార్చి చూశాడు. అతని పెదాలు కదిలాయి. అక్క వంగింది. "ఏంటి నాన్నా? ఏం చెప్తున్నావు?" ఇంతలో తలుపులు తెరుచుకున్నాయి, స్ట్రెచర్ లోపలికి పోయింది. అక్క గడియారం చూసింది. ఒంటిగంటా పన్నెండు.

ఆ తర్వాత మూడు గంటలు ఆవిడ కూర్చున్నది లేదు. లిఫ్టు నుంచి కిటికీదాకా, కిటికీ నుంచి లిఫ్టుదాకా. మధ్యలో ఆగి ఫోన్లో ఆ ఇల్లు నడిపే సంస్థ పెద్దకి ఫిర్యాదు రాసింది. బాధ్యత లేని మనిషి అని రాసింది. వెంటనే తీసెయ్యాలని రాసింది. చాల్లేదనిపించి ఇంకో నాలుగు వాక్యాలు కలిపింది. మాస్టారు టీ తెచ్చిస్తే కిటికీ గట్టు మీద పెట్టి మర్చిపోయింది. కొత్తావిడ గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

నాలుగూ పదికి అక్క లిఫ్టు పక్కకొచ్చి నిలబడింది. నేల తుడిచే ఆమెని చేతులు పట్టుకుని అవతలికి పంపింది. లిఫ్టు గంట కొట్టినప్పుడల్లా పళ్ళు కొరుక్కుంది. లోపల తమ్ముడి రొమ్ము తెరిచి ఉంది. బతికున్నాడో లేదో తెలీదు. ఆ సమయంలో అతని గొంతు ఆవిడ మోచేతి దగ్గర, ఇంత దగ్గరగా, పలికింది.

"అక్కా, కొత్తమ్మని తిట్టకు. తనకి వినబళ్ళేదు. వినబడకపోయినా నాతో కింద కూర్చుంది. చెయ్యి వదల్లేదు. నాకు భయమేస్తే తనే లెక్కపెట్టింది. వందదాకా. మళ్ళీ మొదట్నించి. తనని పంపించెయ్యకక్కా."

లిఫ్టు తెరుచుకుని మూసుకుంది. ఎవరూ దిగలేదు.

అక్క కొత్తావిడవైపు తిరిగింది. "గంటన్నరా అదే చేశారా?"

"మధ్యలో ఫోన్లు చేశాను మేడమ్." కొత్తావిడ కొంగు చివర మెలిపెడుతోంది. "మీకు ముందే చెయ్యాల్సింది. సూపర్‌వైజర్‌గారు చూద్దామన్నాక, ఆయన్ని కాదని చెయ్యడానికి భయమేసింది. ఈ వయసులో ఇంకెవరిస్తారు పని? ఆ భయంతో కూర్చున్నాను. తప్పే."

పొద్దున్నించీ అక్క కోపాన్ని ఊతకర్రలా పట్టుకుని నిలబడింది. ఇప్పుడది చేతిలో లేదు. వెళ్ళి కుర్చీలో కూలబడింది. ఫోన్ తీసి, రాసిందంతా చెరిపేసి, కొత్తగా రెండు ముక్కలు రాసింది. ఆ ఇంట్లో పనిచేసేవాళ్ళు ఎవర్నీ అడక్కుండా అంబులెన్స్ పిలవొచ్చని రేపటికల్లా కాగితం మీద రాసిమ్మంది. ఈవిడ్ని అక్కణ్ణించి కదిలిస్తే తమ్ముణ్ణి తీసుకుపోతానంది. పంపేసింది.

ఆరున్నరకి సర్జన్ బయటికొచ్చాడు. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "నిలబడ్డాడు. రెండు రోజులు గడవాలి," అన్నాడు. అక్క లేవబోయింది. కొత్తావిడే చెయ్యందించింది.

రెండు రోజులూ గడిచాయి. ఆరో వారంలో తమ్ముడు ఇంటికొచ్చాడు. ఆ మంగళవారం సాయంత్రం పోవాల్సిన పనిలో కొత్తావిడ పదకొండేళ్ళు ఉంది. ఆ పదకొండేళ్ళలో మూడుసార్లు ఎవర్నీ అడక్కుండా అంబులెన్స్ పిలిచింది. రెండుసార్లు అనవసరంగానే. ఎవరూ ఒక్క మాట అనలేదు.